ఇంట్లో బడి, కొట్టంలో పాడి, రాత్రికి కాలేజీ

అమెరికా కాలేజీల్లో చదువును గంటల్లో కొలుస్తారు. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, దాని మీద కనీసం రెండు గంటల సొంత చదువు, ఇలా సుమారు 15 వారాలు. ఫెడరల్ ప్రభుత్వం 2010లో రాసిన ఈ నిర్వచనం 2011 జూలై నుంచి అమల్లో ఉంది. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకుంటేనే పూర్తికాలపు విద్యార్థి కింద లెక్క. కాగితం మీద అది వారానికి 36 గంటల పని. ఇక మిస్సోరీ రాష్ట్రంలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రులు ఏడాదికి 1,000 గంటల బోధన చెయ్యాలి. అందులో 600 గంటలు చదవడం, భాష, లెక్కలు, సాంఘికం, సైన్సులకే పోవాలి. ఆ 600లో 400 ఇంటి దగ్గరే జరగాలి. ఏం చెప్పారో డైరీ కూడా రాసి పెట్టుకోవాలి. 36 వారాలకు పంచితే వారానికి దాదాపు 28 గంటలు. రెండూ కలిపి 64. ఆవుల దగ్గరికి ఇంకా వెళ్లనే లేదు. పొయ్యి వెలిగించలేదు, బట్టలు ఉతకలేదు.

ఈ లెక్క చూసినవాళ్లు మొదట అనే మాట టైమ్ మేనేజ్‌మెంట్. ఇంట్లో బడి పెట్టుకుని, పల్లెలో కాపురం చేస్తూ, డిగ్రీ కూడా చదివే తల్లులకు అక్కడి పుస్తకాలూ పత్రికలూ ఇచ్చే సలహాలు ఎన్నేళ్లయినా అవే. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి, వారానికి సరిపడా వంట ఆదివారమే చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, ఒక్కో బిడ్డకు ఒక్కో రంగు గడులతో టైమ్‌టేబుల్ గీసుకోండి. చెడ్డ సలహాలేమీ కావు. అయితే అవి గంటల్ని కొలుస్తున్నాయి. ఇలాంటి ఇంట్లో గంటలు ఒకదానిమీద ఒకటి పడి చాలావరకు సర్దుకుపోతాయి. వంటింటి బల్ల దగ్గర పిల్లాడు భాగహారాలు చేస్తుంటే తల్లి పక్కనే తన పాఠం చదువుకుంటుంది. తెగేది గడువుల దగ్గర. అసైన్‌మెంట్ ఆదివారం అర్ధరాత్రి లోపల చేరాలి, గురువారం ఉదయం ల్యాబ్ ఉంది, ఆవు బుధవారం రాత్రే నొప్పులు పడుతోంది. ఈ మూడింట్లో ఆవు తన వేళ మార్చుకోలేదు. బిడ్డ చదువు కొంతవరకు అటూ ఇటూ జరుగుతుంది. జరగగలిగీ జరగనిది కాలేజీ ఒక్కటే. ఈ ప్రశ్న మీద వచ్చిన చట్టాలనూ పరిశోధనలనూ అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇదే: తల్లి ఎంత ఒడుపుగా రోజును సర్దుకుంటుందన్నదాని కన్నా, కాలేజీ తన క్యాలెండర్‌ను ఎంత వదులు చేసుకుంటుందన్నదే ఆమె చదువు భవిష్యత్తును ఎక్కువగా తేలుస్తుంది.

ఇంతకీ ఆమె పిల్లల్ని ఇంట్లో ఎందుకు చదివిస్తోంది? అమెరికాలో నేటి హోమ్‌స్కూలింగ్‌కు రెండు పాయలున్నాయి. మొదటిది బడి పిల్లల సహజమైన కుతూహలాన్ని చంపేస్తుందన్న జాన్ హోల్ట్ లాంటి వాళ్లది. ఆయన 1977లో బడి లేని చదువు కోసమే ఒక పత్రిక మొదలుపెట్టాడు. రెండోది 1980లలో బలపడిన క్రైస్తవ కుటుంబాలది. వాళ్ల తరఫున కోర్టుల్లో వాదించడానికి 1983లో న్యాయరక్షణ సంఘమే పుట్టింది. ఈ రెండు పాయలూ పెద్దగా పడనివే అయినా పని కలిసి చేశాయి. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. సర్కారు సర్వేల ప్రకారం 1999లో ఇలా చదివే పిల్లలు సుమారు 8.5 లక్షలు, 2012 నాటికి 17.7 లక్షలు. కోవిడ్ ఏడాది 2020లో, బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో హోమ్‌స్కూలింగ్ చేసేవి వసంతంలో 5.4 శాతం ఉంటే ఆకురాలు కాలానికి 11.1 శాతమని జనగణన శాఖ సర్వే చెప్పింది.

పల్లెల్లో దీనికి తోడు ఇంకో కారణం ఉంది: దూరం. 1939-40లో అమెరికాలో 1,17,000కు పైగా పాఠశాల జిల్లాలుండేవి. ఇప్పుడవి 13,000 పైచిలుకు మాత్రమే. ఒక్క గది, ఒక్క పంతులమ్మతో నడిచిన ఊరి బడుల్ని కలిపి కలిపి పెద్ద బడులు చేశారు. వాటితో ల్యాబులూ లైబ్రరీలూ వచ్చాయి. పొద్దున గంట, సాయంత్రం గంట బస్సు ప్రయాణమూ వచ్చింది. ఆరేళ్ల పిల్లను చీకటితో లేపి బస్సెక్కించడం ఇష్టంలేక ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన తల్లులకు హోల్ట్ పేరు తెలిసి ఉండాల్సిన పనిలేదు.

ఆమె కాలేజీకి ఎందుకు వెళ్తోందన్న ప్రశ్నకు జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికా వ్యవసాయ కుటుంబాల ఆదాయంలో ఎక్కువ భాగం పొలం బయటి నుంచే వస్తుందని వాళ్ల వ్యవసాయ శాఖ ఏటా లెక్కలు చూపిస్తుంది. అక్కడ ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. ఇంట్లో ఒకరికి బీమా ఉన్న ఉద్యోగం లేకపోతే ఒక్క ఆపరేషన్‌తో పొలం తాకట్టుకు పోవచ్చు. మగాడు ట్రాక్టర్ మీద ఉంటాడు కాబట్టి ఉద్యోగం వెతుక్కోవలసింది ఎక్కువగా భార్యే. చిన్న ఊళ్లలో బీమాతో వచ్చే ఉద్యోగాలు ముఖ్యంగా రెండు, ఆసుపత్రిలో నర్సు, బడిలో టీచరు. రెండింటికీ కాలేజీ కావాలి. ‘తన కాళ్ల మీద తాను నిలబడాలని’ అంటూ ఈ చదువును వర్ణించే వ్యాసాల్లో బీమా ప్రీమియం ప్రస్తావన రాదెందుకో.

రైతు ఇంటి ఇల్లాలి దగ్గరికి చదువు నడిచి రావడం ఇంటర్నెట్‌తో మొదలవలేదు. బోస్టన్‌లో ఆనా టిక్నర్ అనే ఆమె 1873లో ఇంటి దగ్గర చదువును ప్రోత్సహించే సంఘం ఒకటి పెట్టింది. ఆడవాళ్లే ఆడవాళ్లకు ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పేవారు, పుస్తకాలు పోస్టులో వెళ్లి తిరిగి వచ్చేవి. 1897లో మూతపడేలోపు 7,000 మందికి పైగా అందులో చదివారు. పట్టా మాత్రం లేదు. 1892లో పెన్సిల్వేనియా స్టేట్ కాలేజీ రైతులకు, షికాగో విశ్వవిద్యాలయం అందరికీ పోస్టు చదువులు మొదలుపెట్టాయి. 1896లో పల్లె గుమ్మం దాకా ఉచితంగా టపా చేర్చే పద్ధతి రావడంతో వీటికి కాళ్లొచ్చాయి. పిల్లల వైపు చూస్తే, బాల్టిమోర్‌లోని కాల్వర్ట్ స్కూలు 1906 నుంచి ఇంట్లో తల్లే పాఠం చెప్పుకునేలా పుస్తకాలూ సామగ్రీ పెట్టెలో సర్ది పంపేది. అలాస్కాలో 1939 నుంచి ప్రభుత్వమే పోస్టు బడి నడిపింది. తల్లి చదువు, బిడ్డ చదువు రెండూ ఒకే పోస్టుమేన్ సంచిలోంచి దిగిన రోజులవి.

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగాలనుకునేది కార్నెల్ దగ్గర. 1900లో ఆ విశ్వవిద్యాలయం రైతుల కోసం చిన్న చిన్న పాఠ్య పత్రాలు వేస్తుండేది. మరి రైతుల భార్యలకో అని ఎవరికో తట్టి, పల్లె బడుల పర్యవేక్షకురాలిగా పనిచేసిన మార్తా వాన్ రెన్సలేర్‌ను పిలిచారు. ఆమె తెచ్చిన మొదటి పాఠం పేరు తెలుగులో చెప్పాలంటే ‘అడుగులు ఆదా’. వంటింట్లో నీళ్ల తొట్టి ఒక మూల, పొయ్యి ఇంకో మూల ఉంటే రోజుకు ఎన్ని అడుగులు వృథా అవుతాయి, వాటిని ఎలా తగ్గించాలి అన్నదే విషయం. సాహిత్యంతోనో చరిత్రతోనో మొదలుపెట్టకుండా ఆమె అడుగుల లెక్కతో మొదలుపెట్టింది. చదవాలంటే ముందు ఒక అరగంట మిగలాలని, దాన్ని మిగిల్చి ఇవ్వడం విశ్వవిద్యాలయం పనేనని ఆమె అనుకుంది. 1911లో కార్నెల్ ఆమెకు ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. 1914లో వచ్చిన చట్టంతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల నుంచి ఊరూరికీ గృహ విజ్ఞాన కార్యకర్తలు వెళ్లారు. నేటి ఆన్‌లైన్ డిగ్రీలు ఇంత హంగు చేసుకుని కూడా ఆ మొదటి పాఠంలో ఉన్నంత ఇంగితం చూపిస్తున్నాయా అని నాకు అనుమానం. చదివే మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కుని ఆ తర్వాతే పాఠం రాయడం అప్పట్లో ఆమె పద్ధతి.

పోస్టు చదువుల కథ తర్వాత చెడింది. డబ్బు తీసుకుని పట్టాలు పంపే దొంగ కాలేజీలు పుట్టుకొచ్చాయి. విద్యార్థుల పేరుమీద ఫెడరల్ సాయం కాజేశాయి. 1992లో కాంగ్రెస్ పగ్గం వేసింది. సగానికి మించి చదువు పోస్టులో నడిపే కాలేజీలకు సాయం ఆపేసింది. 2006లో ఆన్‌లైన్ చదువులకు ఈ పరిమితి ఎత్తేసినా, పోస్టు చదువులకు అలాగే ఉంచారు. మరి రెండింటికీ తేడా ఏమిటి? అధ్యాపకుడు విద్యార్థితో ‘క్రమంగా, విషయపరంగా’ మాట్లాడుతుంటే ఆన్‌లైన్, లేకపోతే పోస్టు. మోసాన్ని ఆపడానికి పెట్టిన నియమమే, అందులో న్యాయం ఉంది. కానీ ‘క్రమంగా’ అన్న మాట వల్ల వారం వారం చర్చలో పాల్గొనడం, వారం వారం ఏదో ఒకటి సమర్పించడం ఆన్‌లైన్ తరగతులకు రివాజైపోయింది. వీలు దొరికినప్పుడు చదువుకో అన్న పాత సౌకర్యం పల్లె తల్లికే అందరికన్నా ఎక్కువ పనికొచ్చేది. పోయింది అదే.

దాన్ని వేరే దారిలో తిరిగి తెచ్చిన సంస్థ వెస్ట్రన్ గవర్నర్స్ యూనివర్సిటీ. పశ్చిమ రాష్ట్రాల గవర్నర్లు కలిసి 1997లో పెట్టారు. ఆరు నెలలకు ఒకే ఫీజు, ఆ లోపల ఎన్ని కోర్సులు పూర్తిచేస్తే అన్ని. తెలిసిందని పరీక్షలో చూపిస్తే చాలు, వారం వారం గడువులుండవు. ఫిబ్రవరి, మార్చిలలో మంద ఈనే వేళ కాస్త నెమ్మదించి, ఆ తర్వాత వేగం పెంచుకోవచ్చు. ఈ పద్ధతి మీద 2017 సెప్టెంబర్లో విద్యాశాఖ తనిఖీ విభాగం విరుచుకుపడింది. అధ్యాపకుల సంభాషణ చాలినంత లేదు కాబట్టి అందుకున్న సాయంలో 71 కోట్లకు పైగా డాలర్లు వెనక్కి కట్టాలంది. 2019 జనవరిలో విద్యాశాఖ ఆ సిఫారసును తోసిపుచ్చింది. నియమం ఏమిటో స్పష్టంగా లేనప్పుడు విద్యార్థులకు మేలు చేస్తున్న సంస్థను శిక్షించలేమన్న వైపే మొగ్గింది. తనిఖీ విభాగం తప్పు చదివిందని నేను అనను, చట్టం అక్షరాలా అలాగే ఉంది. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్న విద్యార్థి పద్దెనిమిదేళ్ల, హాస్టల్లో ఉండే, పశువులు లేని మనిషి.

ఆర్థిక సాయం నియమాలన్నిట్లోనూ ఈ పద్దెనిమిదేళ్ల విద్యార్థి నీడే కనిపిస్తుంది. ఆరు క్రెడిట్ల కన్నా తగ్గితే ఫెడరల్ రుణం రాదు. అప్పటికే తీసుకున్నదానికి ఆరు నెలల్లో వాయిదాలు మొదలవుతాయి. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే మానేస్తే, అందుకున్న సాయంలో చదవని భాగానికి లెక్కకట్టి వెనక్కి ఇవ్వాలి. జనవరి మధ్యలో తరగతులు మొదలైతే ఆ గీత దాటేది మార్చి రెండో భాగంలో. మైదాన రాష్ట్రాల్లో మందలు ఈనేది సరిగ్గా ఆ వారాల్లోనే. ఆగస్టు చివర్లో కొత్త సెమిస్టర్ మొదలయ్యే రోజుకు పెరట్లో టమాటాలూ మొక్కజొన్నా ఒక్కసారిగా పండి, చలికాలానికి సీసాల్లో పట్టుకోమని కూర్చుంటాయి. వేసవి సెలవులు వ్యవసాయం కోసమే పుట్టాయని అమెరికాలో చాలామంది నమ్ముతారు, మన దగ్గరా ఆ మాట వినిపిస్తుంది. అది నిజం కాదు. పల్లె బడులు ఒకప్పుడు చలికాలంలోనూ వేసవిలోనూ నడిచేవి. విత్తే వసంతంలో, కోసే శరత్తులో పిల్లలకు సెలవు. పొడుగాటి వేసవి సెలవు ఎండకు ఊరు వదిలిపోయే పట్నం వాళ్ల ఏర్పాటు.

సాయం లెక్కలో పొలం గొడవ వేరే ఉంది. కాలేజీ సాయానికి కుటుంబ ఆస్తి చూపించేటప్పుడు, తాము ఉంటూ సాగుచేసే పొలం విలువను మినహాయించడం పాత పద్ధతి. 2020లో చేసిన ‘సరళీకరణ’ చట్టం 2024-25 నుంచి ఆ మినహాయింపు తీసేసింది. ఎకరాల విలువ కాగితం మీద లక్షల డాలర్లు, చేతిలో రొక్కం లేదు. అలాంటి ఇంటిని ధనిక కుటుంబం కింద జమకట్టారు. గోల గట్టిగా లేచాక, 2025 చట్టం 2026-27 నుంచి మినహాయింపును తిరిగి ఇచ్చింది. ఆ రెండేళ్లలో దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల సంగతి అంతే.

పిల్లలున్న విద్యార్థుల కోసం పెట్టిన సాయాలు కూడా ఈ తల్లిని దాటుకుని వెళ్లిపోతాయి. 2019లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం, డిగ్రీ విద్యార్థుల్లో ఐదుగురిలో ఒకరికి పైగా తల్లో తండ్రో. వాళ్లలో సగానికి పైగా పట్టా లేకుండానే మానేస్తున్నారు. పిల్లల సంరక్షణ ఖర్చును సాయం లెక్కలో కలుపుకోవచ్చన్న సంగతి చాలా కాలేజీలు తమ వెబ్‌సైట్లలో చెప్పనే చెప్పడం లేదని అదే నివేదిక ఎత్తిచూపింది. చెప్పినా మన తల్లికి ఒరిగేది తక్కువ. క్యాంపస్‌లో శిశు కేంద్రాలకు ఫెడరల్ నిధులున్నాయి, క్యాంపస్ ఆమెకు అరవై మైళ్ల దూరం. సంరక్షణ ఖర్చుకు బిల్లు చూపించాలి, ఆమె బిడ్డను ఆమే చూసుకుంటుంది. బిల్లు లేని పని లెక్కకు రాదు. ఇంటి చదువు వల్ల ఆమె వదులుకున్న ప్రతి గంటా సర్కారు పద్దులో సున్నాయే.

ఇంటి బడి వైపు చట్టాలు రాష్ట్రానికో తీరు. టెక్సాస్, ఓక్లహోమా, ఇడాహోల్లో ఇంట్లో చదివిస్తున్నామని ఎవరికీ చెప్పనక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక ముందే ఇచ్చి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. పెన్సిల్వేనియాలో నోటరీ ప్రమాణపత్రం, 180 రోజుల హాజరు, ఏడాది చివర అర్హత ఉన్న మూల్యాంకకుడి సంతకం కావాలి. కాలేజీ చదివే తల్లికి పెన్సిల్వేనియా కన్నా ఇడాహో తేలిక అనిపించడం సహజం. నాకు వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ఆసక్తికరంగా అనిపిస్తుంది. అక్కడ తల్లిదండ్రులు సొంతంగా ఇంట్లో బోధించాలంటే దారులు కొన్ని. త్రైమాసిక పద్ధతిలో 45 కాలేజీ క్రెడిట్లు ఉండాలి, లేదా ఇంటి బోధన మీద ఒక కోర్సు చేసి ఉండాలి, లేదా అర్హత ఉన్న టీచరు పర్యవేక్షణలో చెప్పాలి, అదీ కాకుంటే స్థానిక విద్యాధికారి ఆమెకు ఆ సామర్థ్యం ఉందని ఒప్పుకోవాలి. 45 క్రెడిట్లంటే పూర్తికాలం చదివేవాళ్లకు ఒక ఏడాది చదువు. తల్లి చదువూ బిడ్డ చదువూ ఒకదానికొకటి అడ్డమన్న ధోరణే చాలాచోట్ల ఉంటే, ఈ చట్టం మాత్రం తల్లి కాలేజీని బిడ్డ చదువుకు పెట్టుబడిగా చూసింది.

ఆన్‌లైన్ ఎంత వదులైనా ఒకచోట గట్టి నేల తగులుతుంది. నర్సు కావాలంటే ఆసుపత్రి వార్డులో నిలబడాలి, టీచరు కావాలంటే బడిలో పాఠం చెప్పాలి. నర్సింగ్ క్లినికల్స్ తెల్లవారి ఆరున్నరకో ఏడుకో మొదలవుతాయి, ఒక్కరోజు ఎగ్గొట్టినా ఇబ్బందే. టీచరు శిక్షణలో చివరి సెమిస్టర్ చాలా రాష్ట్రాల్లో పది పన్నెండు వారాలకు పైనే, పూర్తికాలం, ఎక్కువచోట్ల జీతం లేకుండా. బడి వద్దని పిల్లల్ని ఇంట్లో ఉంచుకున్న తల్లి, టీచరు పట్టా కోసం తన పిల్లల్ని వదిలి అదే బడికి వెళ్లి వేరేవాళ్ల పిల్లలకు జీతం లేకుండా చెప్పి రావాలి. పదికి ఎనిమిది మెట్లు ఇంట్లో కూర్చుని ఎక్కినవాళ్లు ఇక్కడే ఆగిపోవడం అర్థం చేసుకోదగ్గదే. కాలేజీలు ప్రచారంలో ‘వంద శాతం ఆన్‌లైన్’ అని పెద్దక్షరాలతో వేసి, ఈ మాటను అడుగున చిన్నక్షరాల్లో వెయ్యడం మాత్రం అర్థం చేసుకోదగ్గది కాదు.

ఇక ఇంటి లోపల సంగతి. సామాజికవేత్త మిచెల్ స్టీవెన్స్ 2001లో రాసిన పుస్తకంలో, హోమ్‌స్కూలింగ్‌ను కుటుంబం మొత్తం నడిపే ఉద్యమంగా చెప్పుకున్నా రోజువారీ చాకిరీ దాదాపు అంతా ఆడవాళ్లదేనని చూపించాడు. జెనిఫర్ లోయిస్ 2012లో వెలువరించిన అధ్యయనం ఇంకాస్త లోపలికి వెళ్లింది. అలిసిపోయిన తల్లులు దేన్ని పట్టుకుని నిలబడతారు? జీవితాన్ని వంతులుగా విడగొట్టుకోవడాన్నట: ఇప్పుడు పిల్లల వంతు, నా వంతు తర్వాత వస్తుంది. ఇంట్లో బడి నడుస్తుండగానే కాలేజీలో చేరిన తల్లి ఈ వంతుల పద్ధతిని మధ్యలో తెంచుతుంది. చుట్టూ ఉన్న ఇంటిబడి తల్లులు ఆమెను ఒక రకంగా చూడటానికీ, ఆమెలో ఆమెకే అపరాధభావం పుట్టడానికీ మూలం ఇందులో ఉందనుకుంటాను.

అలా తెగిన పని ఎవరి మీద పడుతుంది? ఈ విషయం మీద రాసేవాళ్లు తప్పించుకునే ప్రశ్న ఇది. భర్త పొలంలో ఉంటే, అత్తగారు ఊళ్లో లేకపోతే, పడేది పెద్ద కూతురి మీద. పద్నాలుగేళ్ల పిల్ల తమ్ముళ్లకు అక్షరాలు దిద్దించి, వంట చేసి, మిగిలిన సమయంలో తన ఆల్‌జీబ్రా తానే చదువుకుంటుంది. దాన్ని ‘బాధ్యత నేర్చుకోవడం’ అని రాసుకుంటే ఇంటిబడి డైరీలో గృహవిజ్ఞానం కింద గంటలు కూడా పడతాయి. ఇంటి చదువు మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ వడపోసిన రాబర్ట్ కుంజ్‌మన్, మిల్టన్ గైథర్‌లు 2013లో తేల్చినది గమనించండి. ఇంట్లో చదివిన పిల్లలు భాషలో ముందుంటారు, లెక్కల్లో కాస్త వెనకబడతారు. లెక్కలకు రోజూ పక్కన కూర్చునే మనిషి కావాలి, ముందు తగ్గేది ఆ కూర్చోవడమే. ఇడాహో కొండల్లో బడి ముఖం చూడకుండా పెరిగి, కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ దాకా వెళ్లిన తారా వెస్టోవర్ 2018లో తన కథ రాసింది. ఆమె ఇంటిది మామూలు ఇంటి చదువు కాదు, చదువే సరిగా లేని ఇల్లు. ఆ ఒక్క కథతో అందరినీ కొలవడం అన్యాయమే. కాకపోతే ఇడాహో లాంటి చోట, ఆ తేడాను బయటివాళ్లు గుర్తుపట్టే ఏర్పాటు చట్టంలో లేదు. తల్లికి తేలికైన చట్టమని పైన అన్నది ఈ చట్టాన్నే. నియమాలు వదులుగా ఉండాలన్న వాదన కాలేజీకి ఎంత చెల్లుతుందో బిడ్డ చదువుకు అంత చెల్లదు.

ఇంటర్నెట్ గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. 2022 వ్యవసాయ గణన నాటికి కూడా అమెరికా పొలాల్లో సుమారు ఐదింట ఒకదానికి ఇంటర్నెట్ లేదు. బీద కుటుంబాలకు నెలకు 30 డాలర్ల దాకా ఇచ్చిన సబ్సిడీ 2024 జూన్ 1తో ఆగిపోయింది. లైబ్రరీ ముందు కారు ఆపుకుని, వెనక సీట్లో పిల్లలు గొడవ చేస్తుండగా పరీక్ష రాసే తల్లులు కోవిడ్‌తో మాయమైపోలేదు.

మనకు ఇది పూర్తిగా పరాయి కథా అంటే, కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో పుట్టింది. భవనం వెంకట్రామ్ అప్పుడు ముఖ్యమంత్రి, జి. రాంరెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్. ఆయనే 1985లో ఇగ్నోకూ మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం, ఇంటర్ పాసవని వాళ్లకు కూడా అర్హత పరీక్షతో డిగ్రీ తలుపు తీసింది. ఏడో ఎనిమిదో తరగతిలో బడి మానిపించి పెళ్లి చేసిన ఆడపిల్లలు, పిల్లలు పుట్టాక, ఆదివారాలు దగ్గరి పట్నం స్టడీ సెంటర్‌కి బస్సెక్కి వెళ్లి పాఠాలు వినడం దీనివల్లే సాధ్యమైంది. ఆ తెలుగు మీడియం పుస్తకాలు ఎంత బాగుండేవంటే, గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు ఇప్పటికీ వాటికోసం వెతుక్కుంటారు. బీజం బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నుంచి వచ్చినా, ఆదివారం తరగతి మాత్రం మన పల్లె బస్సు వేళల్ని ఎరిగినవాళ్లు చేసిన ఏర్పాటు. ఇంటి బడి మాత్రం మన పల్లెల్లో లేదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఆ మాటే లేదు. పట్నాల్లో ఆ దారి పట్టిన కొద్ది కుటుంబాలు పదో తరగతికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పరీక్షల్ని ఆశ్రయిస్తున్నాయి.

అమెరికా పల్లెల్లోనూ తెలుగువాళ్లున్నారు. వైద్యుల కొరత ఉన్న ఊళ్లలో మూడేళ్లు పనిచేసే విదేశీ డాక్టర్లకు అక్కడే ఉండే వీలు కల్పించే పథకం 1994లో వచ్చింది. గుడి లేని, మన అంగడి లేని చిన్న ఊళ్లకు మన డాక్టర్లను చేర్చిన దారుల్లో అది ఒకటి. ఆ డాక్టరు భార్య హెచ్-4 వీసా మీద ఉంటే కాలేజీలో చేరడానికి అడ్డు లేదు, ఫెడరల్ సాయం మాత్రం రాదు. ఊరి బడి నచ్చక పిల్లలకు తనే లెక్కలు చెప్పుకుంటూ, సాయంత్రాలు ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేసే ఆమెకూ, పక్క పొలంలో పాడి చేసుకునే ఆమెకూ చదువు దగ్గర వచ్చే చిక్కులు దాదాపు ఒకటే. గడువు ఆదివారం అర్ధరాత్రే.

పైన చెప్పిన వాషింగ్టన్ రాష్ట్రంలోనే 1990లో ఇంకో పథకం పెట్టారు. పదకొండు, పన్నెండు తరగతుల ఈడు పిల్లలు, ఇంట్లో చదివేవాళ్లు సైతం, దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు కట్టకుండా చదువుకోవచ్చు. తీసుకున్న క్రెడిట్లు హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ లెక్క. ఇంటి బడి నడిపే తల్లికి ఇది వరం. పదిహేడేళ్ల కొడుకును కారులో దింపడానికి ఎలాగూ వెళ్తుంది కాబట్టి తానూ అక్కడే ఒక కోర్సులో చేరుతుంది, ఒక్క పెట్రోలు ఖర్చుతో రెండు చదువులు. ఇద్దరూ ఒకే గణాంకశాస్త్రం తరగతిలో పక్కపక్కన కూర్చోవడానికి ఏ నియమమూ అడ్డు చెప్పదు. కొడుకు ట్యూషన్ రాష్ట్రం కడుతుంది. తల్లికి ట్యూషన్ బిల్లు వస్తుంది, కట్టడానికి సాయం కావాలంటే ఆమె ఇంటికొచ్చి దరఖాస్తు మొదటి గడి నుంచీ నింపాలి.